అడ్వాన్సు వదులుకోకండి

మెదక్‌లో ఇల్లు ఖాళీ చేసే రోజున సామానంతా ఆటో ఎక్కుతుంది. అడ్వాన్సు మాత్రం ఓనరు దగ్గరే ఉండిపోతుంది. 'రంగులు వేయించాలి, వచ్చే నెల చూద్దాం' అంటారాయన. కొత్తింటికి కట్టాల్సిందేమో ఆ డబ్బే! రెండు మూడుసార్లు తిరిగి చాలామంది ఆశ వదిలేసుకుంటారు.

గూడూరులోని మోడర్న్ హోటల్ అద్దె తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చట్టం ఒప్పుకోని అదనపు అడ్వాన్సు యజమాని చేతిలో ఉండగా, అద్దె ఎగ్గొట్టారని కిరాయిదారును వెళ్లగొట్టడం కుదరదని 1989లో తీర్పొచ్చింది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ప్రకారం నెల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు మరి. అయితే 2005 సవరణతో, మెదక్ లాంటి మున్సిపాలిటీల్లో అద్దె రెండు వేలు దాటిన ఇళ్లకు ఆ చట్టం వర్తించదు.

అంతమాత్రాన డబ్బు పోయినట్టు కాదు. బాకీ పడిన మూడేళ్లలోగా సివిల్ కోర్టులో దావా వేయొచ్చు. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు కిరాయిదారు బాధ్యుడు కాడని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెబుతోంది. ముందుగా గడువు పెట్టి నోటీసు పంపాలి. దారికి రాకపోతే న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం.

ఇవన్నీ నిలబడాలంటే కాగితం ఉండాలి. అడ్వాన్సుకు రసీదు, చేరిన రోజునే గోడల ఫొటోలు... ఈ రెండూ భద్రం!