పాత లోహా, కొత్త లోహా

మా భాంజా బోధన్ దగ్గర ఒక చెరకు రైతు పాత జీపుకి బేరమాడుతున్నాడు. "మామూ, దీని ఛాసీ ఎంత మజ్బూత్‌గా ఉందో చూడండి! ఇప్పటి కార్లన్నీ డబ్బా రేకులే" అంటాడు. నిజామాబాద్‌లో ఏ గ్యారేజీకి వెళ్లినా, ఏ ఛాయ్ హోటల్లో కూర్చున్నా ఇదే మాట. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి చెరకు మోసే బళ్లను చూస్తూ పెరిగిన వాళ్లం కదా, లోహా ఎంత మందమైతే బండి అంత గొప్పదని మన హిసాబ్. ఫ్యాక్టరీ 2015లో మూతపడినా ఆ హిసాబ్ మాత్రం పోలేదు.

పాత జీపు ఛాసీ నిచ్చెనలా ఉంటుంది. రెండు పొడుగు ఇనుప దూలాలు, మధ్యలో అడ్డపట్టీలు, పైన బోల్టులతో బిగించిన బాడీ. విరిగితే ఏ వెల్డింగ్ ఉస్తాద్ అయినా పట్టీ వేసి అతికిస్తాడు. గుంతల బాటలో బరువు మోయడానికి దానికి మించింది లేదు, లారీలకు నేటికీ అదే. 1983లో మారుతీ 800 వచ్చాక మన రోడ్ల మీద విడి ఛాసీ లేని కార్లు నిండిపోయాయి. వాటికి బాడీయే ఛాసీ. (మజా ఏమిటంటే, మన బుజుర్గులు మజ్బూతీకి మిసాల్‌గా చెప్పే అంబాసిడర్‌కి కూడా విడి ఛాసీ లేదు.)

కొత్త కారు ముందు భాగాన్ని గుద్దుకుంటే నలిగేలా కావాలనే చేస్తారు. అది నలుగుతూ దెబ్బ జోర్‌ని తాను మింగుతుంది. నలగని లోహా ఆ ఝట్కానంతా లోపల కూర్చున్న ఇన్సాన్‌కి పంపిస్తుంది. బండి బాగానే ఉంటుంది, మనిషే మిగలడు.

ఇది పాత బళ్ల ఐబే అనుకోకండి. అమెరికాలో స్టాక్ కార్ రేసులు నడిపే నాస్కార్ 2022లో కొత్త ఛాసీ తెచ్చింది. దాని వెనుక భాగం మరీ గట్టిగా ఉందని డ్రైవర్లు షికాయత్ చేశారు. ఆ జూలైలో పొకోనో ట్రాక్‌లో కర్ట్ బుష్ కారు గోడకు కొట్టుకుంది. తలకు తగిలిన దెబ్బతో ఆయన మళ్లీ కప్ రేసుకి రాలేదు. 2023కల్లా ఆ వెనుక భాగాన్ని నలిగేలా మార్చారు. నిచ్చెన ఛాసీ కూడా దానంతటదే గలత్ కాదు. 2020 థార్‌కి ఉన్నది అదే, గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో నాలుగు నక్షత్రాలు తెచ్చుకుంది. పాత జీపులో సీటు బెల్టూ లేదు, ఎయిర్‌బ్యాగూ లేదు. వెనుక బల్లల మీద పిల్లల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి వలీమాలకు తీసుకెళ్తాం.

నాకు అసలు భయం సెకండ్‌హ్యాండ్ కార్లతో. గుద్దుకున్న కారు ముందు దూలాల్ని లాగి, కాల్చి, అతికించి, పైన మెరిసే పెయింట్ కొట్టి అమ్ముతారు. గట్టి ఉక్కుని అలా కాలిస్తే దాని బలం పోతుంది. రెండోసారి అది ఎలా నలుగుతుందో ఎవరూ చెప్పలేరు. మన ఉస్తాదుల హునర్ మీద నాకు ఇజ్జత్ ఉంది, వాళ్ల రోజీ సంగతీ తెలుసు. కానీ జీపుకి పనికొచ్చిన హునర్ ఇక్కడ పనికిరాదు. "ఇది అతికించకూడదు, మార్చాల్సిందే" అని చెప్పి గిరాకీని పోగొట్టుకునే ఉస్తాద్ దగ్గరికే నేను వెళ్తాను. కారు కొనే ముందు బానెట్ ఎత్తి ఆ దూలాల మీద వెల్డింగ్ మచ్చలు, ముడతలు ఉన్నాయేమో చూడండి.

భాంజాకి ఒకటే చెప్పాను: జీపు కొనుక్కో బేటా, పొలానికి తిప్పుకో. మా ఆపాని, పిల్లల్ని మాత్రం అందులో హైదరాబాద్ తీసుకెళ్లకు. వాడింకా అలిగే ఉన్నాడు.