ఎవరికీ అర్థం కాని కొట్టు

ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడు గ్రాండ్ కాన్యన్‌కి తీసుకెళ్తూ దారిలో లాస్ వేగస్‌లో ఒక రాత్రి ఆగడం మనలో చాలామందికి అలవాటే. దీపాలు, ఫౌంటెన్లు చూపించాక ఇంకేం చూపించాలో తోచదు. అలాంటివాళ్ల కోసం ఈసారి ఒక కిరాణా కొట్టు గురించి చెప్తాను.

పేరు ఒమేగా మార్ట్. స్ట్రిప్‌కి కొద్ది నిమిషాల దూరంలో, ఏరియా 15 అనే చోట ఉంది. కిరాణా కొట్టే గానీ, లోపలికి వెళ్లాలంటే టికెట్టు కొనాలి. న్యూ మెక్సికోలోని శాంటా ఫేలో 2008లో కొందరు కళాకారులు కలిసి మొదలుపెట్టిన మియావ్ వుల్ఫ్ సంస్థ దీన్ని 2021 ఫిబ్రవరిలో తెరిచింది. వైశాల్యం 52,000 చదరపు అడుగులు. పైకి చూస్తే మామూలు సూపర్ మార్కెట్టే. అరలు, ట్రాలీలు, మాంసం కౌంటరు అన్నీ ఉంటాయి. దగ్గరికెళ్లి లేబుళ్లు చదివితే మాత్రం మతి పోతుంది. ఒక డబ్బా మీద ‘ఇది వెన్న అని నీకెవరు చెప్పారు?’ అని రాసుంటుంది. ఇంకో చోట పచ్చబొట్లు పొడిచిన కోడి. ఈ సరుకుల్లో చాలావరకు నిజంగానే కొనుక్కోవచ్చు.

మా అత్తగారు ఓ పావుగంట తిరిగి, “అమ్మాయ్, ఇది మీ ఊళ్లో కొట్టులాగే ఉందిగా, దీనికి టికెట్టెందుకు?” అన్నారు.

పిల్లలు పగలబడి నవ్వారు. నాకు మాత్రం ఆవిడ మాటలో న్యాయం ఉందనిపించింది. మనం ఈ దేశంలో మొదటిసారి కొట్లోకి అడుగుపెట్టిన రోజు గుర్తు చేసుకోండి. సీరియల్ డబ్బాల వరస ముందు ఎంతసేపు నిలబడ్డాం? బటర్‌మిల్క్ కొనుక్కొచ్చి, ఇది మన మజ్జిగ కాదేమిటి అని ఎంతమందిమి అనుకున్నాం? మనకి అది కొన్ని నెలల్లో అలవాటైపోయింది. ఆర్నెల్లు ఉండి వెళ్లిపోయే పెద్దవాళ్లకి మాత్రం ప్రతి కొట్టూ ఒమేగా మార్టే.

ముప్ఫై ఏళ్లు ఉమ్మడి కుటుంబానికి నెల సరుకుల చీటీ రాసిన మనిషి మా అత్తగారు. పప్పు చేత్తో పట్టి చూసి, అది కొత్తదో పాతదో చెప్పేస్తారు. ఇక్కడికొచ్చాక ట్రాలీ వెనకాల నడవడమే ఆవిడ పని. ఏదైనా తీసి చూడబోతే “అది మనది కాదు నానమ్మా” అని పిల్లలు అడ్డుపడతారు.

ఒమేగా మార్ట్‌లో ఎవరూ అలా అనడానికి లేదు. అక్కడ ఏది ఏమిటో ఇంగ్లీషు వచ్చినవాళ్లకీ తెలీదు. అన్నీ ముట్టుకుని చూడాల్సిందే. ఆవిడకి దాహం వేసి కూల్‌డ్రింకుల ఫ్రిజ్ తలుపు తీశారు. లోపల సీసాల వెనక గోడ లేదు, దారి ఉంది! మా వెనక నిలబడ్డ కాలేజీ పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆవిడ చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని ముందు నడిచారు, మేమంతా ఆవిడ వెనకాల.

ఆ దారి వెంట వెళ్తే వెలుగులతో మెరిసే ఎడారి, ఫ్యాక్టరీ, ఆఫీసు గదులు. వాటన్నిటి వెనకా ఒక కథ ఉంది. డ్రామ్‌కార్ప్ అనే కంపెనీ, దాన్ని పెట్టిన తాతగారు, నడిపే కూతురు, కనిపించకుండా పోయిన మనవరాలు. కాగితాల్లో, కంప్యూటర్లలో దొరికే ముక్కల్ని కలుపుకుంటూ పోవాలి. మా అమ్మాయి చదివి తెలుగులో చెప్తుంటే అంతా విని, “వ్యాపారం చూసుకుంటూ పిల్లని పట్టించుకోలేదు కాబోలు” అని తేల్చేశారు ఆవిడ.

ఇంటికొచ్చిన మరుసటి వారం ఇండియన్ స్టోర్‌కి చీటీ ఆవిడే రాశారు, తెలుగులో. ట్రాలీ కూడా ఆవిడే తోశారు. కందిపప్పు రెండు ప్యాకెట్లు వెనక్కి పెట్టించి మూడోది తీసుకున్నారు.

మీరు వెళ్తే కనీసం మూడు గంటలు కేటాయించుకోండి. మెరుపు దీపాలు పడనివాళ్లు ముందే కనుక్కోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు జారుడుబల్ల జోలికి పోనక్కర్లేదు. ఫ్రిజ్ సంగతి నేను మీకు చెప్పేశాను. మీరు మాత్రం మీ అమ్మకో అత్తగారికో చెప్పకండి. ఆ తలుపు వాళ్లనే తీయనివ్వండి.