ఏ గది తెరిచి ఉంటుందో!

భైంసాలో ఎవరింట్లోనైనా హైదరాబాద్ ప్రయాణం అనుకోగానే పనుల చిట్టా ఒకటి తయారవుతుంది. దవాఖానలో చూపించుకోవడం, కోఠిలో పుస్తకాలు, ఇంట్లో పెళ్లి ఉంటే మదీనా దగ్గర బట్టలు. చిట్టా అడుగున ‘వీలైతే’ అన్న మాట తగిలించుకుని సాలార్‌జంగ్ మ్యూజియం ఉంటుంది. దాన్ని చూడటానికే పోతున్నామని చెప్పేవాళ్లు తక్కువ. పిల్లలకు మాత్రం మొత్తం చిట్టాలో గుర్తుండేది ఆ ఒక్క వరుసే.

బాసర పోయి రైలెక్కేవాళ్లు కొందరు, నిర్మల్ మీదుగానో నిజామాబాద్ మీదుగానో బస్సులో పోయేవాళ్లు కొందరు. ఇమ్లీబన్‌లో దిగితే మ్యూజియం ఎంతో దూరం ఉండదు. మూసీకి ఒక ఒడ్డున ఉస్మానియా దవాఖాన, అవతలి ఒడ్డున మ్యూజియం. రిపోర్టు సాయంత్రం వస్తుందని తెలిశాక, ఆ మధ్యాహ్నం ఏం చెయ్యాలో తోచక వంతెన దాటి మ్యూజియంలోకి వెళ్లినవాళ్లు మన జిల్లాల్లో ఎందరో ఉంటారు. మనసులో దిగులు పెట్టుకుని కూడా గడియారంలో గంట కొట్టే బొమ్మను చూసి నవ్విన మధ్యాహ్నాలవి.

ప్రయాణానికి ముందు ఒక ఫోన్ తప్పదు. శుక్రవారం సెలవని అందరికీ తెలుసు, ఆ సంగతి అడగరు. అడిగేది వేరే. “బావా, మ్యూజియంల రిపేరు పని నడుస్తున్నదట గదా. పిల్లల్ని తోల్కొస్తే ఏమన్న చూడనిస్తరా?” అవతలి బావ అటువైపు పోయి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తుండదు. ఊళ్లోనే ఉన్నదాన్ని ఎప్పుడైనా చూడొచ్చులే అనుకుంటాం కదా. అయినా తడుముకోకుండా చెప్పేస్తాడు: “ఇప్పుడెందుకు? అంతా అయినంక నిమ్మళంగ రాండ్రి.”

పట్నంలో ఉన్నవాళ్లకు ఆ మాట తేలిక. ఇక్కడివాళ్లకు పత్తి ఏరుడు అయిపోవాలి, బడికి సెలవులుండాలి, దవాఖాన తేదీ కూడా వాటితో కలవాలి. ఆ మూడూ మళ్లీ కలిసేసరికి ఐదో తరగతి పిల్ల ఎనిమిదికి వస్తుంది. అప్పుడు బొమ్మ గంట కొడితే చూస్తుంది గానీ, ఇప్పట్లా నోరు తెరుచుకుని చూస్తుందా?

నలభైకి దగ్గరగా గదులున్న ఇల్లది. అంత పెద్ద చోట ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక గదికి సున్నమో, కొత్త దీపాలో, అద్దాల బీరువాలో పడక తప్పదు. మన భయమంతా ఆ గది రెబెక్కాది అవుతుందేమోనని. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఆ పాలరాతి బొమ్మను నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. ముఖం మీది మేలిముసుగు కూడా రాయే. అయినా ఊదితే కదులుతుందేమో అనిపిస్తుంది. దాన్ని ఒకసారి చూసి వచ్చిన తాత, చూడని మనవరాలికి ఎన్నేళ్లుగానో చెబుతూనే ఉంటాడు. గది మూసి ఉన్న రోజున ఆ తాతే మనవరాలికి గ్యాలరీ.

నిజానికి ఈ వస్తువులకు మూటాముల్లె సర్దుకోవడం కొత్తేమీ కాదు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పెళ్లి చేసుకోలేదు. సంపాదనంతా వస్తువుల మీదే పెట్టి, 1949లో కన్నుమూశారు. రెండేళ్ల తర్వాత, 1951 డిసెంబర్ 16న ఆయన ఉన్న దివాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. ఇప్పుడున్న భవనంలోకి అది మారింది 1968లో. ఇన్ని పింగాణీలు, ఇన్ని గడియారాలు, ఇంత పాలరాయి ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి నడిచిన రోజులను ఊహించుకుంటే, ఒక గదికి తాళం పడటం చిన్న సంగతే అనిపిస్తుంది. వీటిలో చాలావాటిని పోగుచేసిన మనిషికే వాటిని జనం మధ్య చూసుకునే రోజు రాలేదు.

పని నడుస్తుండగానే జనానికి చూపించిన చోట్లూ ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం మరమ్మతులు 2003 నుంచి 2013 దాకా, అంటే పదేళ్లు సాగాయి. అన్నేళ్లూ ఒక పక్క భాగాన్ని తెరిచి ఉంచి, ముఖ్యమైనవాటిని అందులోకి చేర్చారు. రెంబ్రాంట్ గీసిన ‘నైట్ వాచ్’కు 2019లో మొదలైన పరిశీలనైతే అద్దాల గదిలో, జనం చూస్తుండగానే చేశారు. బొమ్మ కోసం వచ్చినవాళ్లకు బొమ్మతో పాటు దానికి సేవ చేసే చేతులూ కనిపించాయి. మన చార్మినార్‌కు సున్నపు పని జరిగినప్పుడు మినార్‌ చుట్టూ కట్టిన గొట్టాలతో సహా ఫొటోలు దిగినవాళ్లు లేరా? ఆ ఫొటోలు చూస్తే ఏ ఏడాది పోయామో ఇట్టే చెప్పెయ్యొచ్చు. మామూలు ఫొటోకు ఆ సౌకర్యం లేదు.

పేరున్న గదులు మూసి ఉంటే కాళ్లు పేరులేని గదుల వైపు తిరుగుతాయి. బిద్రీ పాత్రల దగ్గర ఎవరూ ఎక్కువసేపు ఆగరు, గడియారం గంట కొట్టే వేళ మించిపోతుందన్న తొందరలో ఉంటారు. తొందర లేని రోజున ఆ నలుపు దగ్గర నిలబడాలి. జింకులో కాస్త రాగి కలిపి పోతపోసి, చెక్కిన గాడుల్లో వెండి కూర్చి, చివర్లో బీదర్ కోట మట్టితో రుద్దుతారు. లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే మిగిలిపోతుంది. ఒకప్పుడు ఒకే రాజ్యంలో ఉన్న పొరుగూరి పనితనమది. ఇటలీ రాయిని వెతుక్కుంటూ పోయినవాళ్లకు బీదర్ మట్టి ఎదురవడంలో ఏదో చమత్కారం ఉంది.

తిరిగొచ్చాక వాడకట్టులో ఎలాగూ అడుగుతారు, ఏమేం చూసి వచ్చిన్రని. బిద్రీ హుక్కా గురించి చెబుతారు, గడియారం గురించి చెబుతారు. అదే ఊపులో రెబెక్కా గురించీ చెబుతారు. గదికి తాళం ఉందన్న ముక్క ఎక్కడో జారిపోతుంది. పక్కనున్న పిల్ల కూడా ఆ తప్పు దిద్దదు. పైగా ముసుగు ఎట్లుంటదో తనే చేతులు తిప్పి చూపిస్తుంది.