బడిలోని తెర ఏ భాషలో మాట్లాడాలి?

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు బడుల గురించి మాట్లాడుకునేటప్పుడు ఉపాధ్యాయుల కొరత, పాఠ్యపుస్తకాలు, పదవ తరగతి పరీక్షలో తమిళం అనే మూడు విషయాలు తప్పక ప్రస్తావనకు వస్తాయి. వీటి సరసన నాలుగవ విషయాన్నీ చేర్చవలసిన సమయం వచ్చింది. అది బోధనలోకి ప్రవేశించిన సాంకేతిక పరిజ్ఞానం. కంప్యూటరు, గోడమీది తెర, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్, ఇంట్లోని సెల్‌ఫోను నేడు పలకా బలపాల స్థానంలో నిలుస్తున్నాయి. ఇవి మన బిడ్డలతో ఏ భాషలో మాట్లాడాలన్నది ప్రతి బడీ లిఖితపూర్వకమైన విధానంగా నిర్ణయించుకోవాలన్నదే నా వాదన.

తమిళనాడు తమిళ అభ్యసన చట్టం 2006లో వచ్చింది. ఆ ఏడాది ఒకటవ తరగతితో మొదలై, ఏటా ఒక్కొక్క తరగతికి విస్తరిస్తూ 2015-16లో పదవ తరగతికి చేరింది. తమిళం తప్పనిసరి అయింది, మాతృభాష ఐచ్ఛికంగా మిగిలింది. 2016లో మద్రాసు హైకోర్టు, 2023లో సుప్రీంకోర్టు అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు తమిళ పరీక్ష నుంచి మినహాయింపునిచ్చాయి. అవి కొంతకాలానికి పరిమితమైన ఉపశమనాలు. మినహాయింపు ఒక భారాన్ని తప్పిస్తుందే కాని, చదువు తెలుగులో సాగడానికి కావలసిన సాధనాలను సమకూర్చదు.

ఆ సాధనాలను అడిగే హక్కు మనకు రాజ్యాంగమే ఇచ్చింది. 1956లో ఏడవ సవరణ ద్వారా చేర్చిన 350ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ కృషి చేయాలని నిర్దేశించింది. 1956లో సదుపాయాలంటే ఉపాధ్యాయుడు, పుస్తకం, నల్లబల్ల. నేడు పాఠంలో ఒక భాగం తెరమీదికి మారినప్పుడు ఆ తెర కూడా సదుపాయమే అవుతుంది. పుస్తకం తెలుగులో ఉండి తెర మరో భాషలో ఉంటే, అధికరణం సగమే అమలైనట్లు.

ఇది ఊహాజనితమైన భయం కాదు. 2018-19 నుంచి తమిళనాడు కొత్త పాఠ్యపుస్తకాలలో క్యూఆర్ కోడ్‌లు చోటు చేసుకున్నాయి. 2019లో ప్రభుత్వం కల్వి టీవీని ప్రారంభించింది. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు పాఠం టీవీలోకి, ఫోనులోకి వెళ్లింది. ఆ ప్రసారాల ప్రధాన భాష తమిళం. ఆ రోజులలో ఒక రైతు నన్ను అడిగిన ప్రశ్న న్యాయశాస్త్ర గ్రంథాలలో నాకెక్కడా కనిపించలేదు. “పుస్తకం తెలుగుదే ఇచ్చినారు గదా సార్, మరి పాఠం చెప్పే పెట్టె తెలుగుదెందుకు ఇయ్యలేదు?” అన్నాడాయన.

తమిళం మనకు శత్రువు కాదు. సంతలోనూ కచేరీలోనూ అది మనకు నిత్యం అవసరమైన భాష. పైగా ఈ విషయంలో తమిళులే మనకు మార్గదర్శకులు. కంప్యూటరులో తమిళం వెనుకబడరాదని 1999లోనే తమిళనాడు ప్రభుత్వం తమిళ్‌99 కీబోర్డును ప్రామాణికంగా స్వీకరించింది. తమ భాష యంత్రంలో బతకాలని వారు కోరుకున్నట్లే, మన భాష మన బడి యంత్రంలో బతకాలని మనం కోరుతున్నాం.

మరి బడి విధానంలో ఏముండాలి? మొదటిది, ఆరవ తరగతి దాటేలోపు ప్రతి తెలుగు విద్యార్థికీ యూనికోడ్ తెలుగులో టైపు చేయడం నేర్పాలి. రెండవది, గణితం, విజ్ఞానశాస్త్రాలలో వాడే దృశ్యపాఠాలను తెలుగులో చూపాలి. 2017లో కేంద్రం ప్రారంభించిన దీక్షా వేదికలో తెలుగు పాఠాలున్నాయి. అవి తెలుగు రాష్ట్రాల పాఠ్యక్రమానివి. కనుక మన పుస్తకంలోని ఏ అధ్యాయానికి ఏ పాఠం పొసగుతుందో, ఎక్కడ పారిభాషిక పదాలు తేడా పడుతున్నాయో ఉపాధ్యాయులు కలిసి పట్టిక తయారు చేయాలి. మూడవది, సాంఘికశాస్త్రంలో పిల్లలు తమ ఊరి చరిత్రను, అవ్వాతాతల మాటలను, మొరసునాటి పాటలను రికార్డు చేసి తెలుగులో రాయాలి. నాలుగవది, ఉపాధ్యాయులకు శిక్షణ కూడా తెలుగులోనే అందాలి.

ఐదవది తల్లిదండ్రుల సమ్మతి. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు పార్లమెంటు 2023లో చట్టం చేసింది. దశలవారీ అమలుకు 2025లో నియమాలు వెలువడ్డాయి. సమ్మతి కోరే పత్రాన్ని ఇంగ్లీషులో గాని ఎనిమిదవ షెడ్యూలు భాషలలో దేనిలోనైనా గాని చదువుకునే వీలు కల్పించాలని ఆ చట్టం చెబుతున్నది. తెలుగు ఆ షెడ్యూలులో ఉన్నది. బిడ్డ పేరు, ఫోటో, ఫోను నంబరు ఏదో ఒక యాప్‌లోకి ఎక్కించే ముందు తల్లికి అర్థమయ్యే తెలుగులో వివరించి సంతకం తీసుకోవాలన్నది బడి విధానంలో చేరాలి.

“కంప్యూటరంటే ఇంగ్లీషే, తెలుగెందుకు?” అనే ప్రశ్న మన ఇళ్లలోనే వినిపిస్తుంది. ఇంగ్లీషు నేర్వవలసిందే. కాని భిన్నాలు, కిరణజన్య సంయోగక్రియ వంటి భావనలు మొదట సొంత నుడిలో బోధపడిన బిడ్డకు ఇంగ్లీషు పదం తగిలించుకోవడం సులువు. భావమే అందని బిడ్డకు తెరమీది బొమ్మ వినోదంగా మిగులుతుంది.

ఈ విధానాన్ని రాసుకోవడానికి ఎవరి అనుగ్రహం కోసమూ ఎదురుచూడనక్కరలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య సంఘంలో ముప్పాతిక మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. సగం మంది స్త్రీలు ఉండాలి. 22వ సెక్షను ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళికను ఆ సంఘమే తయారు చేయాలి. ఆచరణకు వీలైనంత మేరకు బోధన మాతృభాషలో ఉండాలని 29వ సెక్షను చెబుతున్నది. ఈ మూడింటినీ కలిపి చదివితే మన చేతిలో ఉన్న ఆయుధం అర్థమవుతుంది.

బాగలూరు, బేరికె, సూళగిరి, వేపనపల్లి, డెంకణికోట పరిసరాలలోని తల్లిదండ్రులకు నా మనవి ఇది. మీ బిడ్డ పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌లను ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. ఏది ఏ భాషలో పలుకుతున్నదో కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని రాబోయే యాజమాన్య సంఘం సమావేశంలో బల్లమీద పెట్టి, తీర్మానంగా మినిట్స్ పుస్తకంలో రాయించండి. ప్రతిని విద్యాశాఖ అధికారికి పంపి రసీదు తీసుకోండి. నోటిమాటగా చేసిన ఫిర్యాదును అధికారి మరచిపోవచ్చు. మినిట్స్‌కెక్కిన తీర్మానానికి ఆయన జవాబు రాయవలసి వస్తుంది. రేపు న్యాయస్థానం మెట్లెక్కవలసి వచ్చినా అదే మనకు మొదటి సాక్ష్యం.