వలస వచ్చినవాడికి తోడెవరు?

జాలరిపేట వాసులకు వలస బాధ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక్కడ వేట గిట్టక ఉత్తరాంధ్ర మత్స్యకారులు ఎందరో గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళుతుంటారు. 2018 చివర అలా వెళ్లి పాకిస్తాన్‌కు పట్టుబడ్డవారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా విడుదలయ్యారు. ఏడాదికి పైగా వారి ఇళ్లలో ఎంత క్షోభో ఊహించుకోవచ్చు.

మనవాళ్లు అక్కడికి వెళ్లినట్టే, విశాఖకు రేవు పనికీ ఇళ్ల కట్టుబడికీ ఒడిశా, బీహార్, బెంగాల్ కూలీలు వస్తున్నారు. వారిలో మన ధార్మిక సోదరులూ ఉన్నారు. జుమా నాడు చివరి వరుసలో నిలబడి, సలాం కాగానే వెళ్లిపోతారు. భాష రాదు. ఏ ఊరని అడిగే దిక్కు లేదు.

సముదాయ మనోవిజ్ఞానమనే శాస్త్రం 1965లో అమెరికాలోని స్వాంప్‌స్కాట్ సమావేశంతో రూపు దిద్దుకుంది. మనిషి దిగులుకు కారణం అతనిలోనే కాదు, అతని పరిసరాల్లోనూ వెదకాలంటుందది. జాలిపడటం కాదు, అతని శక్తిని గుర్తించి తోడు నిలవాలంటుంది.

మదీనాలో జరిగింది ఇదే కదా! క్రీ.శ. 622లో మక్కా విడిచి వచ్చిన ముహాజిర్లను దైవప్రవక్త (స) ఒక్కొక్కరినీ ఒక్కో అన్సారీకి సోదరునిగా జత చేశారు. హజ్రత్ సాద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపితే, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) దీవించి, బజారుకు దారి చూపమన్నారు. నెయ్యి, జున్ను అమ్మి తన కాళ్లపై తాను నిలబడ్డారు. ఇచ్చేవారి ఔదార్యం, పుచ్చుకునేవారి ఆత్మగౌరవం రెండూ నిలిచాయి.

మనం చేయగలిగిందీ ఇదే. ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు మనలో ఎన్నో. ఆ మాటే వారికి పెద్ద ఊరట. ఆస్పత్రికి, రేషన్ దుకాణానికి, పిల్లవాణ్ణి బడిలో చేర్చడానికి వెంట వెళ్దాం. కూలి ఎగ్గొడితే కార్మిక శాఖ కార్యాలయానికి తోడు వెళ్దాం. దిగులు ముదిరితే ప్రభుత్వ టెలీమానస్ 14416 నంబరుకు ఫోన్ చేయిద్దాం. ఏ మతం వాడైనా పొరుగువాడి హక్కు ఒక్కటే.

ప్రతి మస్జిద్‌లో ఒక్కో కుటుంబం ఒక్కో కొత్తవాణ్ణి తన బాధ్యతగా తీసుకుంటే చాలు. సోదరులారా! ఈ జుమా నాడు సలాం కాగానే వెనక్కి తిరిగి చూద్దాం. చివరి వరుసలోని మనిషి పేరు అడుగుదాం. ఆ పూట మన ఇంట భోజనానికి పిలుద్దాం.