తోలుకు దాహం వేయదు

"తోలు కూడా చర్మమే కదా పిన్నీ, దానికీ దాహం వేస్తుంది. కాస్త కొబ్బరినూనె పట్టిస్తే కొత్తదైపోతుంది." మొన్న ఒక గృహప్రవేశంలో మా అక్క కూతురు అన్న మాట ఇది. ఒళ్లో వాళ్లమ్మ ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనుక్కున్న శాంతినికేతన్ బ్యాగు ఉంది. పక్కనున్నవాళ్లంతా తలలూపారు. ఒకావిడ ఆలివ్ నూనె ఇంకా మేలంది. ఇంకొకావిడ ముందు వెనిగర్‌తో తుడవమంది. మరొకావిడ ఫోన్ తీసి వీడియో పెట్టింది. అందులో ఎవరో ఒకమ్మాయి పాత బ్యాగు మీద దోసెడు నూనె పోసి అరచేత్తో రుద్దుతోంది. "చూడండి, ఎలా తాగేస్తోందో!" అంటోంది.

తాగడం లేదు. చచ్చిన పశువు తోలుకు దాహం వేయదు. చదువుకున్నవాళ్లు, ఇంట్లో పిల్లలకు కెమిస్ట్రీ చెప్పించేవాళ్లు ఇంత తేలిగ్గా ఈ మాటను నమ్మేయడం నాకు మింగుడుపడడం లేదు. బీరువాల్లో నలభై ఏళ్లు క్షేమంగా బతికిన బ్యాగులు ఈ నాలుగైదేళ్లలో పాడవుతున్నాయంటే, వాటిని పాడుచేస్తున్నది వయసు కాదు, ఈ ప్రేమే.

బతికున్న చర్మానికి అడుగున రక్తం ఉంది, కొవ్వు ఉంది, పాతది రాలి కొత్తది పుట్టే ఏర్పాటు ఉంది. బ్యాగుకు అవేవీ లేవు. పచ్చితోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుక ఊడదీసి, మాంసం గీకేసి, మిగిలిన పోగుల అల్లికను పదును చేస్తేనే అది కుళ్లని తోలు అవుతుంది. చెట్టు బెరడులోని వగరో, క్రోమియం లవణమో ఆ పోగులను ఒకదానితో ఒకటి కట్టిపడేస్తుంది. పచ్చితోలు నీళ్లలో అరవై, అరవై అయిదు డిగ్రీల వేడి దగ్గరే ముడుచుకుపోతుంది. బాగా పదునెక్కిన క్రోమ్ తోలు మరిగే నీటిని కూడా తట్టుకుంటుంది. అంటే పదార్థమే మారిపోయింది. దానికి కావలసిన నూనెను టానరీలోనే, నీళ్లలో కలిసేలా మార్చి, తిరిగే పెద్ద పీపాల్లో పోగుల మధ్యకు ఎక్కిస్తారు. ఆ పైన రంగు, దాని మీద పలుచటి పూత వేస్తారు. ఇవాళ దుకాణాల్లో దొరికే తోలు బ్యాగుల్లో చాలావాటికి ఆ పూత ఉంది. మీరు రాసే నూనె దాన్ని దాటి లోపలికి పోదు. పైనే జిడ్డుగా కూర్చుని దుమ్మును పట్టుకుంటుంది. పూత లేని తోలైతే పోతుంది, కానీ ఎక్కడ పడితే అక్కడ మచ్చలుగా పోతుంది. ఒకసారి పోయిన నూనెను పూర్తిగా బయటికి లాగడం ఎవరి తరమూ కాదు.

కొబ్బరినూనె సంగతి మనవాళ్లకు వేరే చెప్పాలా? ఇరవై నాలుగు డిగ్రీల కిందికి దిగితే గడ్డకడుతుంది. పుష్యమాసంలో సీసాను ఎండలో పెట్టుకునే మనమే, ఆ నూనెను తోలు సందుల్లోకి ఎక్కించి, చలికాలం రాగానే కుట్ల వెంట తెల్లటి పొర కనిపిస్తే బూజని భయపడి మళ్లీ వెనిగర్ పోస్తున్నాం. ఆలివ్ నూనె గాలి తగిలి పాతబడి కంపు కొడుతుంది. నూనె పీల్చిన దారం నల్లబడుతుంది. అట్టకూ తోలుకూ మధ్య ఉన్న జిగురు పట్టు వదులుతుంది. వీడియోలో ఇవేవీ ఉండవు. ఎందుకంటే వీడియో అదే సాయంత్రం ముగుస్తుంది. తడి ఆరకముందు ఏ తోలైనా నిగనిగలాడుతుంది. మూడేళ్ల తర్వాత అదే బ్యాగును బయటికి తీసి చూపించినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

వంటసోడా, టూత్‌పేస్టు, గోళ్ల రంగు తుడిచే ద్రవం, చిన్నపిల్లలకు వాడే తడి కాగితాలు, అరటి తొక్క: వీటి గురించి ఎక్కువ రాయను. తోలు స్వభావం కొంచెం పుల్లన. సోడా క్షారం. పేస్టులో ఉన్నది గరుకు పొడి. గోళ్ల రంగును కరిగించే ఎసిటోన్ బ్యాగు పూతను కూడా కరిగిస్తుంది. ఇక మనం తోలనుకుని మోసే సంచుల్లో చాలావాటికి పైనున్నది రెక్సినే, ప్లాస్టిక్ పూతే. అది పొలుసులుగా రాలడం మొదలయ్యాక ఏ నూనే దాన్ని ఆపదు.

కానీ ఆ శాంతినికేతన్ బ్యాగు దగ్గర ఆగాలి. మా తరం ఉపాధ్యాయినులు, బ్యాంకు ఉద్యోగినులు, లెక్చరర్లు ఎంతమంది భుజాలకు అవి వేలాడేవో! శాంతినికేతన్ పక్కనే 1922లో మొదలైన శ్రీనికేతన్ శిల్పశాలల నుంచి వచ్చిన పని అది. మేక, గొర్రె తోలు మీద అచ్చు ఒత్తి, చేత్తో రంగులద్ది చేస్తారు. ఆ తోలు చాలావరకు చెట్టు బెరడు వగరుతో పదును చేసింది. దానికి నూనె పట్టిస్తే అద్దిన రంగుల మధ్య గీతలు చెదిరిపోతాయి. ఉబ్బెత్తు పువ్వు చదునవుతుంది. పాత బ్యాగు పట్టుకుంటే చీరకు ఎర్రటి పొడి అంటుకుంటోందని, అది ఎండిపోయిందని, అందుకే నూనె రాస్తున్నానని మా అక్క కూతురు వాదన. ఆ పొడి ఎండిపోవడం వల్ల వచ్చింది కాదు.

ఈ విషయం వందేళ్ల కిందటే తేలిపోయింది. లండన్ గ్రంథాలయాల్లో తోలు అట్టలు ఎర్రటి పొడిగా రాలిపోతుంటే, 1900లో సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ ఒక కమిటీ వేసింది. వాళ్లు పట్టుకున్న దొంగ పొడిదనం కాదు, ఆమ్లం. గ్యాస్ దీపాల పొగ నుంచి వచ్చింది కొంత, రంగులు వేసేటప్పుడు వాడిన గంధకామ్లం నుంచి వచ్చింది కొంత. మన దేశం నుంచి ఓడలెక్కిన గొర్రె, మేక తోళ్లు ఈ జబ్బుకు అన్నిటికంటే తొందరగా లొంగుతాయని కూడా వాళ్లు గమనించారు. ఆమ్లం తిని పొడిగా రాలుతున్న తోలుకు వెనిగర్ పోయమని సలహా ఇస్తున్నారు మనవాళ్లు! వెనిగర్ అంటే ఆమ్లం కాదా? అలాంటి తోలు మీద నీళ్లు పడినా నల్లగా, పెళుసుగా బిగుసుకుపోతుంది.

పెద్ద పెద్ద గ్రంథాలయాలు కూడా ఒకప్పుడు ఈ దాహం సిద్ధాంతాన్నే నమ్మాయి. గొర్రె ఉన్ని కొవ్వు, పశువుల కాళ్ల నుంచి తీసిన నూనె కలిపి ఏళ్ల తరబడి లక్షల అట్టలకు పూశారు. బ్రిటిష్ మ్యూజియం పేరుతోనే ఒక లేపనం ఉండేది. తర్వాత అట్టలు జిగటగా మారాయి, మరకలు తేలాయి, తెల్లటి పొర పైకి వచ్చింది, కొన్ని మరింత బిగుసుకుపోయాయి. ఇప్పుడు తోలు సంరక్షణ చదువుకున్నవాళ్లు ఆ అలవాటు మానేశారు. పొడి రాలే తోలుకు ఆల్కహాల్‌లో కరిగించిన ఒక సెల్యులోజ్ పదార్థాన్ని పలుచగా పట్టించి, ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టడంతో సరిపెట్టుకుంటారు. అదీ రంగు నిలుస్తుందో లేదో ఒక మూల పరీక్షించాకే. అంత పెద్ద సంస్థలు అనుభవం మీద వదిలేసిన పనిని మన వంటింట్లో కొత్త రహస్యంలా మొదలుపెట్టడం నాకు కోపం తెప్పిస్తోంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలది ఇంకో ఫ్యాషన్. అక్కడి పాత సరుకుల దుకాణాల్లో కోచ్ కంపెనీ పాత బ్యాగులు చవగ్గా దొరుకుతాయి. 1941లో న్యూయార్క్‌లో ఒక చిన్న కార్ఖానాగా మొదలైన కంపెనీ అది. బేస్‌బాల్ గ్లవ్ తోలు వాడేకొద్దీ మెత్తబడడం చూసి ఆ తీరు తోలును బ్యాగుల్లోకి తెచ్చారు. లోపల గుడ్డ లేని, మందపాటి ఆవుతోలు బ్యాగులవి. వాటిని గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్లలో ముంచి, పిసికి, ఆరబెట్టి, ముందూ వెనకా ఫొటోలు పెడుతున్నారు. ముంచిన నీళ్లు కాఫీ రంగులోకి మారితే "ఎంత మురికో చూడండి" అని సంబరపడుతున్నారు. అందులో మురికి కొంతే, మిగిలింది తోలు రంగు. రంగుతో పాటు టానరీలో ఎక్కించిన నూనె కూడా కొంత పోతుంది. అందుకే ఆరాక గట్టిపడుతుంది. గట్టిపడింది కాబట్టి మళ్లీ నూనె. రోగమూ వాళ్లే తెస్తారు, మందూ వాళ్లే అమ్ముతారు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది వేరే ఉంది. తోలు గురించి ఈ నేలకు తెలియనిది కాదు. ఊరి చివర తోళ్లు నానబెట్టే లందల్లో సున్నం ఎంత, తంగేడు చెక్క ఎంత, కరక్కాయ ఎప్పుడు వేయాలి, ఎన్నాళ్లు ఉంచాలి అని చేతివేళ్లతో పోల్చుకుని చెప్పగలిగిన మాదిగ కుటుంబాలు ఉండేవి. తోలును సంచిలా కుట్టి, తంగేడు రసం నింపి, వేలాడదీసి లోపలి నుంచే పదునెక్కించే పద్ధతి మన పల్లెల్లో ఉండేది. ఎంత రసాయనశాస్త్రం అది! ఆ చేతులను ముట్టుకోలేదు, ఆ వాడ మీదుగా నడిచేటప్పుడు ముక్కు మూసుకున్నాం. వాళ్లకు తెలిసిందాన్ని చదువుగా ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఆ తంగేడు పూలనే బతుకమ్మకు పేరుస్తాం, తెలంగాణ రాష్ట్ర పుష్పమని గర్వంగా చెప్పుకుంటాం. బెరడు సంగతి ఎవరికీ గుర్తులేదు.

తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ ఈ అవమానాన్ని బాగా ఎరిగిన మనిషి. మద్రాసులో తోళ్ల చదువు చదివి, అమెరికాలో పరిశోధన చేసి, 1958 నుంచి 1971 దాకా మద్రాసు అడయారులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థను నడిపారు. ప్రయోగశాలలో తెలిసినది తోలు పని చేసేవాళ్ల చేతిదాకా చేరాలని పట్టుబట్టారు. 1985లో కనిష్క విమానంలో జరిగిన బాంబు పేలుడులో పోయారు. తోలు శాస్త్రంలో ప్రపంచం గౌరవించిన మనిషి మనవాడై ఉండగా, మనం తోలు గురించి ఎవరిని అడుగుతున్నాం? నిన్న ఒక పాత బ్యాగు కొని, ఇవాళ నూనె పోసి, రేపు అమ్మేసే పిల్లను అడుగుతున్నాం. వీధి మొగలో ఆరె, రంపె ముందు పెట్టుకుని చెప్పులు కుట్టే మనిషిని అడగం. అతను వేలితో ఒకసారి తడిమి ఇది మేక, ఇది గేదె, ఇది రెక్సిన్ అని చెప్పేస్తాడు. అతని దగ్గర పది రూపాయలకు బేరమాడి, సీసా లేపనానికి వెయ్యి పోసి తెప్పించుకుంటాం.

అసలు పాత బ్యాగు కొత్తగా ఎందుకు కనిపించాలి? పిడి దగ్గర చెయ్యి పట్టీ పట్టీ వచ్చిన నలుపు, మూత మడిచిన చోట గీత, భుజానికి రాసుకుని మెరిసిన అంచు, ఇవన్నీ ఆ బ్యాగు మోసిన మనిషి వదిలిపెట్టిన గుర్తులు. వాటిని రుద్ది పోగొట్టుకుని, పైన ఒకే రంగు కొట్టి "రిస్టోర్ చేశాం" అంటారు. వెనకటి మనిషిని తుడిచేసి వస్తువును మాత్రం మిగుల్చుకోవడం పునరుద్ధరణ ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. కొత్తదే కావాలంటే కొత్తది కొనుక్కోవచ్చు. పాతదాన్ని హింసించడం దేనికి?

మరి ఏం చేయాలంటారా? తక్కువ చేయాలి. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపండి, కుట్ల సందుల్లో ముఖ్యంగా. లోపల అచ్చులేని తెల్ల కాగితాలు ఉండలు చుట్టి కూరండి, ఆకారం నిలుస్తుంది. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టకుండా పాత నూలు చీర ముక్కలో చుట్టండి. రేకుల కప్పు కింద అటక మీదకు ఎక్కించకండి. వానాకాలంలో బూజు పడితే ఆరుబయట, నీడలో, ముక్కుకు గుడ్డ కట్టుకుని దులపండి. పొడి రాలే బ్యాగును మోయడం మానేసి, చూసుకోవడానికి పెట్టుకోండి. పగుళ్లు, రంగు పోవడం లాంటివి ఇంట్లో బాగయ్యేవి కావు. ప్రతి పట్టణంలో తోలు మరమ్మతు నేర్పే చిన్న చోటు ఒకటి ఉండాలి, అక్కడ చెప్పులు కుట్టే కుటుంబాల పిల్లలు జీతం తీసుకుని గురువులుగా కూర్చోవాలి. ఎలా, ఎవరి డబ్బుతో అంటే నా దగ్గర పథకం లేదు, కోరిక మాత్రం ఉంది.

కుట్టు ఊడితే మాత్రం వీధి మొగలో కూర్చున్న ఆ మనిషి దగ్గరికి వెళ్లండి. మైనం పట్టించిన దారంతో, పాత రంధ్రాల్లోంచే కుట్టమని అడగండి. పిడి కడియం అరిగితే అక్కడే మారుస్తాడు, జిప్పు కూడా అతనే వేస్తాడు.