రీస్టార్ట్ చేస్తే రోగం కుదురుతుందా?

మన ఐటీ వాళ్ళకి ఓ అలవాటుంది. ఏ ప్రోగ్రామ్ పడిపోయినా ముందు రీస్టార్ట్ చేస్తాం, లేచి కూర్చుంటే టికెట్ మూసేస్తాం. రీస్టార్ట్ చెయ్యడం తప్పని నేననను. రాత్రి రెండింటికి క్లయింటు ఫోన్లో ఉంటే ఎవరైనా చేసేది అదే. దాన్ని తీసుకెళ్ళి క్రాన్‌లో పెట్టేసి "సమస్య పరిష్కారమైంది" అని రాసెయ్యడం మీదే నా గొడవంతా.

ఓ ఉదాహరణ చెప్తాను. మిత్రుడొకడు పనిచేసే చోట 1,200 రౌటర్లనీ, స్విచ్‌లనీ ఐదు నిమిషాలకోసారి ఎస్‌ఎన్‌ఎంపీతో పలకరించే పైథాన్ స్క్రిప్టు ఒకటుండేది. డివైసుకో థ్రెడ్డు, థ్రెడ్డుకో సాకెట్టు. పగలంతా బుద్ధిగా నడిచేది, రాత్రిళ్ళు చచ్చేది. మొదట్లో "టూ మెనీ ఓపెన్ ఫైల్స్" అని చెప్పి మరీ చచ్చేది. ఎవరో పుణ్యాత్ముడు యూలిమిట్‌ని 1024 నుంచి 65535కి పెంచాడు. ఆ మెసేజి పోయింది, దాని బదులు సెగ్‌ఫాల్ట్ మొదలైంది! దానికి మందుగా, చచ్చి ఉంటే గంటకోసారి లేపే క్రాన్ పెట్టారు.

నన్ను చూడమన్నప్పుడు చేసింది పెద్ద విద్యేం కాదు. కోర్ ఫైలు దాచేలా చేసి, ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ తెరిచిన ఎఫ్‌డీలని నిమిషానికోసారి లెక్కపెట్టాం. రాత్రి బ్యాకప్‌లు మొదలవగానే డివైసులు ఆలస్యంగా జవాబిస్తున్నాయి. పాత రౌండు థ్రెడ్లు అవ్వకముందే కొత్త రౌండు మొదలవుతోంది. లెక్క 1024 దాటిన కాసేపటికి ప్రాణం పోతోంది.

ఎందుకంటే, కింద వాడిన సీ లైబ్రరీ సెలెక్ట్ మీద ఆధారపడింది. సెలెక్ట్ 1983లో 4.2 బీఎస్‌డీతో వచ్చిన పాతకాపు. లినక్స్‌లో మామూలుగా దాని ఎఫ్‌డీ సెట్ 1024 బిట్లు, అంటే 128 బైట్లే. 1024 గానీ ఆపై నంబరు గానీ ఉన్న ఎఫ్‌డీని అందులో పెడితే పక్కవాడి మెమరీలో రాసేస్తుంది. అందుకే ప్రతిసారీ కోర్ ఫైల్లో వేరే చోట చచ్చినట్టు కనిపించేది. అంటే యూలిమిట్ పెంచి, అర్థమయ్యే ఎర్రర్ని అర్థంకాని ఎర్రర్‌గా మార్చారన్నమాట :)

చివరికి చేసిన మార్పు చిన్నదే. 40 థ్రెడ్లు, ఒక క్యూ, రెండు సెకన్ల టైమౌటు, ఒక్క రీట్రై. మొదటి ప్రశ్నకే పలకని డివైసుని ఆ రౌండుకి వదిలెయ్యడం. లెక్క వేసుకోండి: 1,200 డివైసులూ పలక్కపోయినా థ్రెడ్డుకి 30, ఒక్కోదానికి 4 సెకన్లు, మొత్తం రెండు నిమిషాలు. ఐదు నిమిషాల్లో ఇంకా మూడు మిగులుతాయి.

ఇదంతా టెక్నికల్ సంగతి. నన్ను బాధపెట్టింది వేరే ఉంది. క్రాన్ పుణ్యమా అని స్క్రిప్టు చచ్చి, మళ్ళీ లేచే మధ్యలో ఓ రాత్రి ఒక లింకు పడిపోయింది. అలర్ట్ రాలేదు. పొద్దున్నే మీటింగులో నైట్ షిఫ్టు కుర్రాడిని "నిద్రపోయావా?" అని అడిగారు. రాని అలర్టుని వాడెలా చూస్తాడండీ? అత్తమీద కోపం దుత్తమీద చూపించడం అంటే ఇదే. గ్రాఫులో ఆ ఖాళీ చూపిస్తే గానీ వాడి మాట ఎవరూ నమ్మలేదు.

నా మట్టుకు నాకు రెండే నియమాలు. ఏ లిమిటైనా పెంచేముందు అది ఎందుకు నిండుతోందో కనుక్కోవాలి. ఆటోమేటిక్ రీస్టార్ట్ పెట్టి తీరాల్సొస్తే, లేపిన ప్రతిసారీ ఎవరికో ఒకరికి మెయిల్ వెళ్ళాలి, టికెట్ తెరిచే ఉండాలి. నెలాఖరు రిపోర్టులో మూసిన టికెట్ల సంఖ్య కొంచెం తగ్గుతుంది, నిజమే. దానికి భయపడి దాచిన క్రాష్ ఖరీదు, ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాడే కడతాడు. మరి మీరేమంటారు?